ఇస్ఫహాన్‌లో వ్యాపారం, డల్లాస్‌లో తమ్ముడు: ఎవరి పేరు ఎక్కడ పెట్టాలి?

ఇస్ఫహాన్ నుంచి ఒక పాఠకురాలు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమె వయసు 34. పుట్టిల్లు హైదరాబాద్. ఉస్మానియాలో ఎంసీఏ చదివే రోజుల్లో, చదువు కోసం ఇరాన్ నుంచి వచ్చిన అబ్బాయితో పరిచయం పెరిగి పెళ్లి దాకా వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఇస్ఫహాన్‌లోనే కాపురం. ఏడేళ్ల పాప ఉంది. భార్యాభర్తలిద్దరూ కలిసి పళ్ల డాక్టర్ల క్లినిక్కుల కోసం అపాయింట్‌మెంట్లు, పేషెంట్ల రికార్డులు చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. 14 క్లినిక్కులు ఒక్కొక్కటి నెలకు 25 లక్షల తోమాన్ల (తోమాన్ అంటే పది రియాళ్లు) చొప్పున కడుతున్నాయి.

కిందటి చలికాలంలో వాళ్ల విదేశీ హోస్టింగ్ కంపెనీ ఒక రాత్రి ఖాతా మూసేసింది. ఆంక్షలున్న దేశం నుంచి వాడుతున్నారంటూ రెండు వాక్యాల మెయిల్ వచ్చింది, అంతే. మూడు వారాల రికార్డులు పోయాయి. అప్పటిదాకా 16గా ఉన్న క్లినిక్కుల్లో రెండు మానేశాయి. "రాత్రిపూట ఫోన్ మోగితే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది" అని రాశారు.

ఇప్పుడు తలా ఒక సలహా చెబుతున్నారు. భర్త ఒక ఉద్యోగిని పెట్టుకుని ఇక్కడే పెంచుదామంటున్నారు, ఆంక్షలు ఎల్లకాలం ఉండవని ఆయన నమ్మకం. డల్లాస్‌లో హెచ్1బీ మీద ఉన్న తమ్ముడు 20,000 డాలర్లు పెడతానంటున్నాడు. ఐఫోన్ యాప్ తన పేరు మీద పెడదామని 99 డాలర్లు కట్టి ఆపిల్ డెవలపర్ ఖాతా కూడా తెరిచాడు, యాప్ ఇంకా ఎక్కించలేదు. "నేను ఇండియన్ సిటిజన్నే కదక్కా, నాకేమవుతుంది?" అంటున్నాడు. నాన్నగారు హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల చేతికి రూపాయలిస్తే ఇస్ఫహాన్‌లో తోమాన్లు అందుతాయని కనుక్కున్నారు, అదీ కాకపోతే అందరూ వచ్చేయమంటున్నారు. భర్త స్నేహితుడు దుబాయ్‌లో తన పేరు మీద కంపెనీ తెరుస్తానంటున్నాడు. ఈ మధ్యలో ఒక పెద్ద ఆస్పత్రుల సంస్థ 40 శాఖలకు ఈ సాఫ్ట్‌వేర్ తీసుకుంటామని కబురు పెట్టింది. దాని వెనక ఇరాన్ సైనిక బలగాల్లో ఒక విభాగమైన రివల్యూషనరీ గార్డ్స్‌కు చెందిన ఫౌండేషన్ ఉందని ఊళ్లో అనుకుంటున్నారు. ఆమె ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్నారు. ఇరానీ షెనాస్‌నామె (పౌరులకిచ్చే గుర్తింపు పుస్తకం) తీసుకుంటే కంపెనీ పనులు సులువవుతాయని అత్తగారి వైపు వాళ్లు అంటున్నారు. "వీటిలో ఏది చేసినా ఇంకెవరో ఇరుక్కుంటారేమోనని భయం. ఎటు వెళ్లాలో చెప్పండి" అని అడిగారు.

జవాబు:

మీ భయం సరైనదే. మీ ముందున్న దారుల్లో సగం మీ ఇబ్బందిని తీసుకెళ్లి ఇంకొకరి పేరు మీద రాసేవే. అందుకని ఏ దారిలో లాభమెంత అని చూసే ముందు, ఆ దారిలో ఎవరి పేరు కాగితం మీదికి ఎక్కుతుందో చూద్దాం. తమ్ముడి సంగతితోనే మొదలుపెడతాను. అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నది అతనే, ఆ సంగతి తెలియనిదీ అతనికే.

ఇరాన్ మీద అమెరికా వాణిజ్య నిషేధం 1995 నుంచి ఉంది. అది "అమెరికా వ్యక్తులు" అందరికీ వర్తిస్తుంది. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లే కాదు, ఏ పాస్‌పోర్టు ఉన్నా ఆ సమయానికి అమెరికా నేల మీద ఉన్న ప్రతి మనిషీ ఆ మాటలోకి వస్తారు. హెచ్1బీ మీద డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడు ఈ చట్టం దృష్టిలో అమెరికా వ్యక్తే. ఇరాన్‌లో ఉన్న వ్యాపారంలో పెట్టుబడి పెట్టకూడదు, దానికి సేవలు అందించకూడదు, ఇంకొకరు చేసే లావాదేవీకి తోడ్పడకూడదు కూడా. తెలిసీ చేశాడని తేలితే 20 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల డాలర్ల వరకు జరిమానా చట్టంలో ఉన్నాయి. చిన్న మొత్తాలకు అంత దూరం వెళ్లడం అరుదే కావచ్చు. కానీ హెచ్1బీ మీద ఉన్నవాడికి అంత దూరం వెళ్లనక్కర్లేదు. బ్యాంకు ఖాతా మూసేసినా, గ్రీన్‌కార్డు దరఖాస్తు దగ్గర ఒక ప్రశ్న లేచినా అతని జీవితం తలకిందులవుతుంది.

"అక్కకు ఇంటి ఖర్చులకని పంపిస్తా" అనవచ్చు. కుటుంబ పోషణ కోసం, వ్యాపారంతో సంబంధం లేకుండా బంధువులకు పంపే డబ్బుకు ఆ చట్టంలోనే అనుమతి ఉంది. పాప స్కూలు ఫీజుకు, వైద్యానికి పంపితే తప్పు కాదు. అదే డబ్బుతో మీరు సర్వర్ కొంటే అది పెట్టుబడే. పంపిన కారణం ఒకటి, వాడిన తీరు ఇంకొకటి అయిన చోటే కేసులు పుడతాయి. ఆ 20,000 డాలర్ల మాట మరచిపోండి.

ఆపిల్ ఖాతా కూడా ఇంతే. ఆపిల్ 2017 ఆగస్టులో ఇరానీ యాప్‌లను వరసగా తీసేసింది, స్నాప్ లాంటి పెద్ద టాక్సీ యాప్ కూడా వాటిలో ఉంది. మీ యాప్ తమ్ముడి పేరు మీద ఎక్కితే, ఇరాన్ క్లినిక్కులకు అమెరికా నుంచి సేవ అందిస్తున్నది అతనే అవుతాడు. మెసేజింగ్ లాంటి సమాచార సాధనాలకు అమెరికా ఇచ్చిన సాధారణ లైసెన్సు ఒకటి ఉంది గానీ, డబ్బు తీసుకుని నడిపే క్లినిక్ సాఫ్ట్‌వేర్ దాని కిందికి వస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఐఫోన్ వాడే డాక్టర్ల కోసం మీరు చేయగలిగింది పీడబ్ల్యూఏ, అంటే బ్రౌజర్‌లో తెరిచి హోమ్ స్క్రీన్ మీద పెట్టుకునే వెబ్ యాప్. ఇరాన్‌లో ఐఫోన్ వాళ్లకు అది అలవాటైన పద్ధతే. ఆండ్రాయిడ్‌కు కఫే బాజార్, మైకెట్ అనే ఇరానీ యాప్ స్టోర్లు ఉండనే ఉన్నాయి.

ఇక నాన్నగారి సంగతి. ఆయన కనుక్కున్నది హవాలా. మీరున్న చోట సర్రాఫీ (డబ్బు మార్చే) దుకాణం మామూలు వ్యవహారంలా కనిపిస్తుంది, దానివల్లే ఇక్కడి ప్రమాదం మరుగున పడుతుంది. హైదరాబాద్‌లో రూపాయలిచ్చి అక్కడ తోమాన్లు ఇప్పించడం విదేశీ మారకపు చట్టం ఫెమా కింద ఉల్లంఘన, పట్టుబడితే ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా. బ్యాంకు ద్వారా పంపుదామన్నా దారి లేదు. ఏడాదికి 2,50,000 డాలర్లు బయటికి పంపుకునే ఎల్ఆర్ఎస్ సౌకర్యం, నల్లధనం చలామణీ మీద నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ సహకరించని దేశాలుగా గుర్తించిన వాటికి వర్తించదు. ఇరాన్ 2020 ఫిబ్రవరి నుంచి మళ్లీ ఎఫ్ఏటీఎఫ్ నల్లజాబితాలో పూర్తి ఆంక్షలతో ఉంది.

నాన్నగారు మీకు సాయం చేయాలనుకుంటే ఆ డబ్బు హైదరాబాద్‌లోనే ఉండనివ్వండి. మీ పేర ఎన్ఆర్ఓ ఖాతా (విదేశంలో ఉండే భారతీయులు ఇక్కడ పెట్టుకునే రూపాయల ఖాతా) తెరిచి అందులో చెక్కు ద్వారా కానుకగా వేయవచ్చు. పెళ్లికి ముందు తెరిచిన మీ సేవింగ్స్ ఖాతా అలాగే ఉంటే దాన్ని కూడా ఎన్ఆర్ఓగా మార్చించాలి, అది నియమం. కేవైసీలో ఇరాన్ చిరునామా చూసి బ్యాంకు వాళ్లు ప్రశ్నలు వేస్తారు. దాచకండి. దాచి తెరిచిన ఖాతా సరిగ్గా అవసరమైన రోజునే స్తంభించిపోతుంది. తోమాన్ ఎంత పడిపోయినా విలువ కరగని పొదుపు మీ కుటుంబానికి ఒకటి ఉండాలి, అది ఇదే కావచ్చు.

దుబాయ్ స్నేహితుడి ప్రతిపాదన చూడటానికి అన్నిటికన్నా బాగుంటుంది. అందులో రెండు చిక్కులున్నాయి. కంపెనీ, బ్యాంకు ఖాతా, చివరికి మీరు రాసిన కోడ్ కూడా ఆయన పేరు మీదికి వెళ్తాయి. రేపు మాట తేడా వస్తే మీరు ఏ కోర్టుకు వెళ్లి ఏం చూపిస్తారు? రెండోది డాలర్ల సంగతి. దుబాయ్ నుంచి ఇంకో దేశానికి వెళ్లే డాలరు చెల్లింపు సాధారణంగా న్యూయార్క్‌లోని ఏదో ఒక బ్యాంకు గుండా తేలుతుంది. దాని వెనక ఇరాన్ వ్యాపారం ఉంటే, ఆ అమెరికా బ్యాంకు చేత చట్టం ఉల్లంఘింపజేసినట్టు అవుతుంది. ఆ నేరం అమెరికాతో ఏ సంబంధం లేని వాళ్లకూ అంటుకుంటుంది. దుబాయ్‌లో ఇలాంటి ముసుగు కంపెనీలను అమెరికా ఆర్థిక శాఖ పేరుపేరునా జాబితాకు ఎక్కిస్తూనే ఉంది. మీ 14 క్లినిక్కులూ తోమాన్లలో కడుతున్నాయి. మీకు దుబాయ్‌తో పనేమిటి? లేని అవసరానికి పెద్ద ప్రమాదం కొనితెచ్చుకోవద్దు.

ఈ మూడూ పక్కన పెడితే మీ వారి మాట మిగులుతుంది, అక్కడే ఉండి పెంచడం. ఇది సాధ్యమే. టాక్సీల స్నాప్, ఆన్‌లైన్ దుకాణం డిజీకాలా, చిన్న ప్రకటనల దీవార్ అన్నీ ఆంక్షల మధ్య స్థానిక మార్కెట్ మీదే పెరిగాయి. డిజీకాలా 2006లో, స్నాప్ 2014లో మొదలయ్యాయి. విదేశీ పోటీదారు రాలేడన్నది మీకూ ఒక రక్షణే. కానీ ఆంక్షలు పోతాయన్న ఆశ మీద లెక్క వేయవద్దని ఆయనకు చెప్పండి. 2016 జనవరిలో సడలించారు, 2018 మేలో అమెరికా ఒప్పందం నుంచి బయటికొచ్చింది, అదే ఏడాది ఆగస్టులో, నవంబరులో ఆంక్షలన్నీ తిరిగొచ్చాయి. 2025 సెప్టెంబరు చివర్లో ఐక్యరాజ్యసమితివి కూడా తిరిగి అమల్లోకి వచ్చాయి. 2015లో బజారులో 30 వేల పైచిలుకు రియాళ్లున్న డాలరు 2025 వసంతానికి పది లక్షలు దాటింది. ఆంక్షలు ఇలాగే ఉన్నా నిలబడే వ్యాపారమైతేనే పెంచండి. పోతే అది అదనం.

అలా నిలబడాలంటే మొదట ఆ రాత్రి జరిగినది మళ్లీ జరగకుండా చూసుకోవాలి. మీకున్నవి రెండు గోడలు, ఇంట్లో రెండిటినీ ఒకటిగా చూస్తున్నారు. బయటి కంపెనీ ఇరాన్ ఐపీ చూసి 403 (ప్రవేశం లేదు) అని చూపించేది తహ్రీమ్, అంటే ఆంక్ష. లోపలి ప్రభుత్వం ఆపేది ఫిల్టర్. మొదటిదాన్ని దాటడానికి డెవలపర్లు వాడే డీఎన్ఎస్ సేవలు, రెండోదానికి వాడే వీపీఎన్‌లు మీ సొంత కంప్యూటర్లో పనికొస్తాయేమో గానీ, క్లినిక్కులు ఆధారపడే సర్వర్‌ను వాటి మీద నిలబెట్టకూడదు. 2019 నవంబరులో, మళ్లీ 2025 జూన్‌లో బయటి ఇంటర్నెట్ తెగిపోయినప్పుడు దేశం లోపలి సర్వర్ల మీద ఉన్న సైట్లు చాలావరకు నడిచాయి. కాబట్టి పేషెంట్ల డేటా దేశంలోపల, రెండు వేర్వేరు కంపెనీల డేటా సెంటర్లలో, వీలైతే రెండు ఊళ్లలో ఉండాలి. రోజూ రాత్రి డేటాబేస్ నకలు ఎన్‌క్రిప్ట్ చేసి రెండో చోటికి వెళ్లాలి, వారానికోసారి ఇంట్లో ఉన్న డిస్కులోకి. నెలకోసారి ఆ నకలు నుంచి కొత్త మెషీన్ మీద మొత్తం తిరిగి లేపి చూడండి. తిరిగి తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. ఎక్స్‌రే బొమ్మలు బరువైనవి, వాటిని క్లినిక్కులోనే ఒక చిన్న స్టోరేజ్ పెట్టెలో ఉంచి రాత్రివేళ పంపిస్తే ఖర్చు తగ్గుతుంది.

హోస్టింగ్ కంపెనీని ఎంచుకునేటప్పుడు దాని పేరు అమెరికా ఆంక్షల జాబితాలో ఉందేమో చూడండి, ఆ జాబితా అందరికీ తెరిచే ఉంటుంది. అర్వాన్ క్లౌడ్ లాంటి పేరున్న ఇరానీ క్లౌడ్ కంపెనీ 2023 జూన్‌లో ఆ జాబితాకు ఎక్కింది. అలాంటి కంపెనీతో ఏళ్ల తరబడి ఉన్న లావాదేవీలు, రేపు మీరు హైదరాబాద్ వచ్చి బ్యాంకు ముందు కూర్చున్నప్పుడు ప్రశ్నలవుతాయి.

కోడ్ తయారీలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. మీరు వాడే లైబ్రరీలన్నిటినీ, కంటైనర్ ఇమేజిలనూ సొంత మిర్రర్‌లో (నకళ్లు ఉంచే సర్వర్‌లో) దాచుకోండి. ఒక శుక్రవారం బయటి ఇంటర్నెట్ ఆపేసి ఖాళీ మెషీన్ మీద సాఫ్ట్‌వేర్ మొత్తం కట్టి చూడండి. ఎక్కడ ఆగిపోతే అదే మీ బలహీనత. పాస్‌వర్డ్ మార్చుకోవడానికి విదేశీ మెయిల్ మీద, నోటిఫికేషన్లకు విదేశీ సేవ మీద ఆధారపడి ఉంటే వాటిని స్థానిక ఎస్ఎంఎస్ ప్యానెల్‌కు మార్చండి. ఇరాన్ దేశపు .ఐఆర్ డొమైన్‌ను ముఖ్యమైనదిగా పెట్టుకోండి, .కామ్‌ను విదేశీ రిజిస్ట్రార్ ఏ రోజైనా తాళం వేయవచ్చు.

అప్‌డేట్లు అందకపోతే ఏమవుతుందో మీ రంగంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఇరాన్ వేసవిలో గడియారం గంట ముందుకు జరపడం 2022తో మానేసింది. టైమ్‌జోన్ డేటా పాతబడిన సర్వర్‌కు ఆ సంగతి తెలియదు, నౌరూజ్ (మార్చిలో వచ్చే ఇరానీ కొత్త సంవత్సరం) దాటగానే గంట కలిపేస్తుంది. పదింటి పేషెంటుకు పదకొండింటికి రమ్మని మెసేజ్ వెళ్తుంది. ఆ పూట క్లినిక్కులో గొడవకు కారణం ఆంక్షలని ఏ డాక్టరూ అనుకోడు, మీ సాఫ్ట్‌వేర్ చెడ్డదనుకుంటాడు. వేసవి కరెంటు కోతలు కూడా లెక్కలో పెట్టుకోండి. ఆ రోజు, మర్నాటి అపాయింట్‌మెంట్ల జాబితా క్లినిక్ బ్రౌజర్‌లోనే నిలవ ఉండేలా చేయండి. మోడెమ్‌కు చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టించుకోమని డాక్టర్లకు చెప్పండి.

ఇక ఉద్యోగి సంగతి. నెలకు 1.5 కోట్ల తోమాన్ల జీతం అనుకోండి. ఏడాదికి 18 కోట్లు. ఏడాది చివరి నెల ఎస్ఫంద్‌లో ఇచ్చే ఈదీ, అంటే పండగ బోనస్, రెండు నెలల జీతం, 3 కోట్లు. సనవాత్, అంటే పనిచేసిన ఏడాదికిచ్చే గ్రాట్యుటీ, ఒక నెల, 1.5 కోట్లు. సామాజిక బీమాలో యజమాని వాటా 23 శాతం, 4.14 కోట్లు. మొత్తం 26.64 కోట్లు, అంటే నెలకు 2.22 కోట్లు. జీతం మొత్తాన్నీ మూలవేతనంగానే తీసుకున్నాను, భత్యాలు విడగొడితే కొంచెం తగ్గుతుంది. కొన్ని రకాల చిన్న పనిశాలలకు ఐదుగురి వరకు బీమా వాటాలో మినహాయింపు ఉంది, మీ పని ఆ జాబితాలో ఉందో లేదో సామాజిక బీమా సంస్థ తామీన్ ఎజ్తెమాయీ శాఖలో అడగండి. మీకొచ్చేది 14 క్లినిక్కుల నుంచి నెలకు 3.5 కోట్లు. సర్వర్లకు 40 లక్షలనుకుంటే చేతిలో మిగిలేది 88 లక్షలు, అదీ మీ ఇద్దరి జీతం లేకుండా.

తర్వాత నౌరూజ్ వస్తుంది. ఇరానీ క్యాలెండర్ 1404 (2025 మార్చితో మొదలైన) సంవత్సరానికి కనీస వేతనాన్ని 45 శాతం పెంచారు. పై జీతాల వాళ్లకు శాతం అంతకన్నా తక్కువే ఉంటుంది గానీ, ఆ 45 శాతమే మీ ఉద్యోగికీ ఇచ్చారనుకోండి. అతని ఖర్చు 3.22 కోట్లవుతుంది. క్లినిక్కుల రుసుము కదలకపోతే ఆ నెల నుంచే మీకు 12 లక్షల నష్టం. ఇరాన్‌లో చిన్న వ్యాపారాలు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే. ఖర్చు కొత్త ఏడాది మొదటి నెల ఫర్వర్దీన్ ఒకటిన ఒక్కసారిగా ఎగురుతుంది, ఆదాయం మాత్రం ఒప్పందం గడువు దాకా కదలదు. కాబట్టి ఒప్పందాలన్నీ ఫర్వర్దీన్‌తో మొదలయ్యేలా మార్చండి. ఆరు నెలలకోసారి గణాంక కేంద్రం ప్రకటించే వినియోగ ధరల సూచీ ప్రకారం రుసుము మారుతుందని రాసుకోండి. ఏడాది డబ్బు ముందే ఇస్తామనే డాక్టరుకు పెద్ద తగ్గింపు ఇవ్వకండి. 30, 40 శాతం ధరలు పెరిగే చోట అది మీకే అప్పవుతుంది. 24 క్లినిక్కులు దాటేదాకా పూర్తికాలపు ఉద్యోగి వద్దని నా అభిప్రాయం. ఈలోగా ఒప్పందం మీద పూటపని వాళ్లను పెట్టుకోవచ్చు.

ఆ 40 శాఖల ఆస్పత్రుల సంస్థ మీ లెక్కలన్నీ ఒక్కరోజులో సరిచేస్తుంది, నిజమే. కానీ దాని యజమాని ఎవరో రుజువుతో తెలిసేదాకా సంతకం పెట్టకండి. అధికారిక గెజిట్‌లో కంపెనీ ప్రకటనలు చూసి డైరెక్టర్లెవరో తెలుసుకోవచ్చు. 2019 ఏప్రిల్‌లో అమెరికా రివల్యూషనరీ గార్డ్స్‌ను విదేశీ ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది, 2024 జూన్‌లో కెనడా కూడా. దానికి అనుబంధంగా ఉన్న సంస్థకు సేవ చేసి డబ్బు తీసుకుంటే అది మామూలు వాణిజ్య ఉల్లంఘన కాదు, వీసా దరఖాస్తుల్లో జీవితాంతం వెంటాడుతుంది. రేపు పాప చదువుకు ఎక్కడికి వెళ్లాలన్నా తల్లిదండ్రుల సంపాదన గురించి అడిగితే మీరు జవాబు చెప్పగలగాలి. మీ వారి సైనిక సేవ ఎందులో జరిగిందో కూడా ఒకసారి కాగితాలు తీసి చూసుకోండి. గార్డ్స్‌లో తప్పనిసరి సేవ చేసిన వాళ్లకు కూడా ఇదే ఇబ్బంది ఎదురవుతోంది. ఆ సంస్థ వెనక ఎవరూ లేరని తేలితే తీసుకోండి, అప్పుడు ఉద్యోగి ప్రశ్న కూడా తేలిపోతుంది.

షెనాస్‌నామె విషయంలో మాత్రం తొందరపడకండి. ఇరాన్ పౌర స్మృతి 976వ అధికరణ ప్రకారం ఇరానీ పురుషుణ్ని పెళ్లాడిన విదేశీ మహిళ ఇరాన్ పౌరురాలే, అంటే వాళ్ల లెక్కలో మీరు ఇప్పటికే వాళ్లమ్మాయి. మన చట్టం వేరు. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ కింద, ఇష్టపూర్వకంగా మరో దేశపు పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. పెళ్లితో దానంతటదే వచ్చినదాన్ని, మీరు అడిగి తీసుకున్నదాన్ని ఒకే రకంగా చూస్తారా అన్నది టెహ్రాన్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి, రాతలోనే జవాబు తెచ్చుకోండి. ఇంకో సంగతి. ఇరానీ పాస్‌పోర్టు మీద ప్రయాణించే వివాహిత మహిళకు పాస్‌పోర్టు కోసం భర్త అనుమతి కావాలి. మీ సంసారంలో అది ఎప్పటికీ సమస్య కాకపోవచ్చు, కానీ ఆ కాగితం తీసుకునే ముందు మీకు తెలిసి ఉండాలి.

షెనాస్‌నామె లేకుండానే విదేశీయులకిచ్చే గుర్తింపు సంఖ్యతో వాటాదారు కావచ్చేమో రిజిస్ట్రీలో ముందు కనుక్కోండి. ఇద్దరు భాగస్వాములతో మస్ఊలియత్ మహ్‌దూద్ (పరిమిత బాధ్యత) కంపెనీ పెట్టవచ్చు, మీరు సరిగ్గా ఇద్దరే ఉన్నారు. ఇప్పుడు పేమెంట్ గేట్‌వే, ఈనమాద్ (ఆన్‌లైన్ వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ గుర్తింపు), పన్ను ఫైలు అన్నీ మీ వారి పేరు మీదే ఉన్నట్టు మీ ఉత్తరంలో ఉంది. ఇరాన్ చట్టంలో భార్యాభర్తల ఆస్తి ఎవరిది వారిదే. సగం కోడ్ రాసిన మీకు వాటా కాగితం మీద ఉండటం అపనమ్మకం కాదు. ఆయనకు ఏదైనా జరిగితే ఆ గేట్‌వే మీ చేతికి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో ఇద్దరూ కలిసి ఆలోచించండి.

హైదరాబాద్ వచ్చేయడం చివరి దారి. అమెరికా ఆంక్షలు ప్రధానంగా ఎక్కడ నివసిస్తున్నారన్నది చూస్తాయి. ఇరాన్‌లో కూర్చుని మీరు హైదరాబాద్‌లోని అమెరికా కంపెనీ శాఖకు పని చేయలేరు. అమెరికా యాజమాన్యంలోని విదేశీ శాఖలకు కూడా ఆ నిషేధం వర్తిస్తుంది. అదే మీరు హైదరాబాద్‌లో స్థిరపడితే ఆ తలుపు తెరుచుకుంటుంది. మీ వారికి మాత్రం మెల్లగా తెరుచుకుంటుంది. భార్య భారతీయురాలు కాబట్టి ఎంట్రీ వీసా వస్తుంది గానీ, దాని మీద ఉద్యోగం, వ్యాపారం చేయాలంటే విదేశీయుల నమోదు కార్యాలయం ఎఫ్ఆర్ఆర్ఓ అనుమతి విడిగా కావాలి. వివాహం నమోదై రెండేళ్లు నిండితే ఓసీఐకి (భారత విదేశీ పౌరుడి కార్డుకు) దరఖాస్తు చేయవచ్చు. అది ఆయనకు చాలా ముఖ్యం. ఓసీఐ లేని ఇరాన్ పౌరులు రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా ఇక్కడ స్థిరాస్తి కొనలేరు. మీ పెళ్లి భారతదేశంలో గానీ రాయబార కార్యాలయంలో గానీ నమోదైందా? లేకపోతే ఏ దారి ఎంచుకున్నా ముందు ఆ పని చేయండి. ఓసీఐ దరఖాస్తుకు రెండేళ్ల లెక్క దగ్గరే ఆలస్యం కాకూడదు.

వచ్చేస్తే ఇస్ఫహాన్ వ్యాపారాన్ని ఇక్కడి నుంచి నడపాలని చూడకండి. తోమాన్లు ఇక్కడికి సక్రమంగా రావు, మళ్లీ హవాలా దగ్గరికే వస్తారు. క్లినిక్కులను అక్కడి నమ్మకస్తుడికి అమ్మేసి, కోడ్ మీద హక్కు ఉంచుకుని, ఇక్కడ కొత్తగా మొదలుపెట్టాలి. ఇక్కడి దంత వైద్యుల సాఫ్ట్‌వేర్‌లో పోటీ ఎక్కువ, పేషెంట్ల ఆభా (ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) సంఖ్యతో కలపాలి, జలాలీ (ఇరానీ క్యాలెండర్) తేదీల దగ్గర్నుంచి అన్నీ మార్చాలి. ఏడాది ఆదాయం లేకుండా గడిచేలా ఎన్ఆర్ఓ ఖాతాలో ఉంటేనే ఆ అడుగు వేయండి.

మీరు ఈ రెంటిలో ఇప్పుడే ఒకటి తేల్చుకోనక్కర్లేదు. సర్వర్లు, ఒప్పందాలు సరిచేసుకుంటూ, పెళ్లి నమోదు, ఎన్ఆర్ఓ ఖాతా పనులు సమాంతరంగా నడిపితే రెండు దారులూ తెరిచే ఉంటాయి. వచ్చే నౌరూజ్‌కు రుసుము పెంచాక ఎన్ని క్లినిక్కులు మిగిలాయో చూసి కూర్చుని మాట్లాడుకోండి.

తమ్ముడికి మాత్రం ఈ వారమే చెప్పండి. యాప్ ఇంకా ఎక్కించలేదన్నారు కాబట్టి అక్కడే ఆగమనండి, మీ కోడ్ దేన్నీ ఆ ఖాతాలో పెట్టొద్దనండి. ఇదివరకే మీ సర్వర్‌కో డొమైన్‌కో తన కార్డుతో డబ్బు కట్టి ఉంటే, ఆ వివరాలు చెరిపేయకుండా పట్టుకుని ఆంక్షల చట్టం తెలిసిన అమెరికా న్యాయవాదిని కలవమనండి. జరిగినది తనంతట తానుగా అధికారులకు చెప్పుకున్నవాళ్లకు జరిమానా లెక్క సగం నుంచి మొదలుపెట్టే పద్ధతి అక్కడ ఉంది. అది వాళ్లు కనుక్కోకముందు చెప్పినవాళ్లకే.